మేడ మీది నీళ్ళు

మెకానిక్ భార్యకు అయిదో రోజు కూడా జ్వరం దిగలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. అతను ఏసీ, పంపులు చూసుకునే భవనంలోనే తొమ్మిదో అంతస్తులో ఆమె ఉద్యోగం. అక్కడే ఇంకో నలుగురు అదే జ్వరంతో పడ్డారు. వాళ్ళలో టైపిస్టు నిన్న పోయాడు.

డాక్టరు మెకానిక్‌ను వరండాలోకి పిలిచాడు. ఏసీ కోసం మేడల మీద కూలింగ్ టవర్ పెడతారు కదా, అందులో నీళ్ళు పాడైతే ఒక క్రిమి పుడుతుందట. టవర్ చిమ్మే తుంపరతో కలిసి గాలిలోకొస్తుందట. పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుందట. దానికి మందు వేరట.

"మీ టవర్ నీళ్ళు పరీక్ష చేయిస్తున్నారా?"

"నెలనెలా సార్. ఏడేళ్ళుగా ఒక్క నెల తప్పలేదు. ఒక్కసారి కూడా చెడు రాలేదు."

రిపోర్టులు తెచ్చి చూపించాడు కూడా. అయితే అది కాదులే అని డాక్టరు పాత మందే కొనసాగించాడు.

మెకానిక్ అంత ధీమాగా చెప్పడానికి కారణముంది. ఆ నీళ్ళు పరీక్ష చేసేది పిల్లనిచ్చిన మామగారే. నెలనెలా సీసాలు పట్టుకుని వస్తూ పోతూ, సెల్లారులో పంపుల దగ్గర నూనె మరకలతో వంగి పనిచేసుకునే ఈ కుర్రాడు నచ్చి, కూతుర్నిచ్చి చేశాడు. భవనంలో అందరూ ఆయన్ని నీళ్ళ డాక్టరు అంటారు.

నీళ్ళు పట్టేటప్పుడు భవనం మనుషులెవరూ పక్కన ఉండకూడదని నియమం. ఏదైనా కలిపేస్తారని అనుమానం. పరీక్షకు వచ్చేవాళ్ళు చాలామంది చూసీ చూడనట్టు పోతారు గానీ నీళ్ళ డాక్టరు దగ్గర ఆ పప్పులుడకవు. అల్లుడైనా సరే కిందే ఉండాలి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటానంటే ఎలాగోయ్ అంటూ తాళంచెవి పుచ్చుకుని ఒక్కడే వెళ్ళేవాడు. పావుగంటలో సీసా నింపుకుని దిగేవాడు. లిఫ్టు ఆగిన చోటునుంచి ఇంకా రెండు వరసల ఇనుప మెట్లున్నాయి. అవి ఎక్కి దిగినా, అరవై నాలుగేళ్ళ మనిషికి ఆయాసమన్నది ఉండేది కాదు.

పైగా కబుర్లు. మేడ మీద గాలికి ఒకసారి ఆయన టోపీ ఎగిరిపోయి పక్క ఊళ్ళో పడిందట. అక్కడివాళ్ళెవరో పోస్టులో తిప్పి పంపారట. పావురాలు ఆయన్ని చూడగానే బడిపిల్లల్లా వరస కడతాయట. కింద కాపలావాళ్ళు నవ్వలేక చచ్చేవాళ్ళు.

రిపోర్టు శుభ్రంగా వచ్చినప్పుడల్లా, సెల్లారు పంపులోంచి టవర్ నీళ్ళలోకి వదిలే క్రిమిమందు మెకానిక్ ఒక చుక్క తగ్గించేవాడు. మందు ఎక్కువైతే గొట్టాలు తినేస్తుంది మరి. టవర్ మూతలు విప్పి కడగాలా వద్దా అన్నదీ రిపోర్టును బట్టే. ఏడేళ్ళుగా కడగక్కర్లేదనే వచ్చింది.

ఆ మధ్యాహ్నం భార్య ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. మంచం పక్కన మామగారు కూతురి పాదం పట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్ ఆయన్ని బయటకు తీసుకొచ్చాడు.

"మావయ్యా, పదండి. టవర్ మూత విప్పి చూద్దాం. ఇవాళ నేనూ పైకొస్తాను."

"నియమం ఒప్పుకోదు అల్లుడూ."

"నియమం సంగతి తర్వాత. అమ్మాయి సంగతి చూడండి."

ముసలాయన నోట జోకు లేదు, టోపీ కథ లేదు.

"చూడ్డమెందుకు? మందు మార్చమని చెప్పెయ్ డాక్టరుకి."

"ఏమని చెప్పను? ఆ మందు ఆమె గుండెకు పడదు, రూఢిగా తెలిస్తే తప్ప వెయ్యనంటున్నాడు. మీ రిపోర్టులేమో ఎనభై నాలుగున్నాయి ఆయన బల్ల మీద. అవన్నీ కాదనాలంటే మీరే కళ్ళారా చూసి చెప్పాలి. మీ మాటైతేనే వింటాడు."

ఆయన ఖాళీ సీసా ఒకటి పట్టుకుని అల్లుడి వెంట నడిచాడు.

దారిపొడుగునా మెకానిక్ లోపల్లోపల లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. తను మందు మరీ తగ్గించేశాడా? పోయిన నెల ఎండలకు నీళ్ళు పాడయ్యాయా? పాపం తనదేనా? మామగారి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

తొమ్మిదో అంతస్తు దాటుతుండగా లిఫ్టు తలుపు సందులోంచి ఖాళీ కుర్చీలు కనిపించాయి. గాలి చల్లగా వీస్తూనే ఉంది. మెకానిక్ తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

లిఫ్టు ఆగింది. మామగారు ముందు, అల్లుడు వెనక. ఇనుప మెట్లు ఎక్కుతుంటే ఆయన నాలుగు చోట్ల ఆగాడు. గోడ పట్టుకున్నాడు. చొక్కా వీపుకంటుకుంది. కూతురి మీద బెంగతో మనిషి ఒక్కరోజులో కుంగిపోయాడనుకుని అల్లుడు చెయ్యి అందించాడు.

తాళం తుప్పుపట్టి, మూడోసారికి గానీ తిరగలేదు. తలుపు తోయగానే పాచి కంపు గుప్పుమంది. ఎదురుగా అడ్డగోడ. కుడికొక దారి, ఎడమకొక దారి. రెండు వైపులా ఫ్యాన్ల హోరు.

నీళ్ళ డాక్టరు గడప దాటి నిలబడ్డాడు. చేతిలో ఖాళీ సీసా. కుడికి చూశాడు, ఎడమకు చూశాడు. చివరికి వెనక్కి తిరగకుండానే, ఫ్యాన్ల హోరులో వినపడీ వినపడనట్టు అడిగాడు:

"అల్లుడూ, మీ టవర్ ఏ వైపుంది?"