పాత బ్యాండులో ఒక్కడు

"ఇంకా ఒక్కడు మిగిలాడయ్యా. వాడెవడో తేలకుండా స్విచ్ మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు ఆఫీసరు ఫోన్లో.

టెక్నీషియన్ ఏడంతస్తుల బిల్డింగు డాబా మీద, సెల్ టవర్ పక్కన నిలబడి ఉన్నాడు. పాత ఫోన్లకి సిగ్నలిచ్చే బ్యాండు ఒకటి ఆ టవర్లో ఇంకా పనిచేస్తోంది. సర్కారు దాన్ని వేలం వేసింది. వేరే కంపెనీ పాడుకుంది. ఈ సాయంత్రం ఆరు దాటితే అందులో ఈ టెక్నీషియన్ కంపెనీ సిగ్నల్ ఉండకూడదు. అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టే.

"ఎవడండీ వాడు?"

"పేరు లేదు. ఏదో కంపెనీ టోకున కొన్న సిమ్ము. ఏడాదిగా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. 'ఉన్నాను' అని మాత్రం టవర్‌కి చెబుతుంటాడు. మౌనస్వామి."

"ఉండేదెక్కడ?"

"నువ్వున్న బిల్డింగులోనే. పొద్దంతా నీ టవర్ దగ్గరికొస్తాడు, మళ్లీ దూరం పోతాడు. రాత్రయితే అట్టడుగున పడుంటాడు. రోగి ఒంటికి తగిలించిన మిషనేమో చూడు. ఆపాక ఎవరి ప్రాణమన్నా పోతే..."

ఫోన్ చెవిన పెట్టుకునే టెక్నీషియన్ లిఫ్టెక్కాడు. తలుపు మూసుకుంది. ఆఫీసరు గొంతు తెగిపోయింది. ఆ ఇనప్పెట్టెలోకి ఎక్కితే ఎవరి ఫోనూ పలకదు.

వాచ్‌మన్ అంతా విని నవ్వాడు.

"పొద్దంతా ఎక్కి దిగేవాడా? అవి కాళ్లా, కర్రలా సార్? నాకైతే లిఫ్టు లేకపోతే మొదటి అంతస్తే కాశీ."

ఇద్దరూ అంతస్తు అంతస్తూ లిఫ్టులో తిరిగారు. పార్సిళ్లాయన దొరికాడు. ఫోను కొత్తది. ఇల్లిల్లూ తిరిగే పనిమనిషి దొరికింది.

"పాత ఫోనా? నాదా?" అని చీర కొంగులోంచి తీసి చూపించింది. "నీ దానికంటే పెద్దది చూసుకో, అన్నా!"

ఏడో అంతస్తులో గుండె జబ్బు పెద్దమ్మ. మంచం పక్కన చిన్న పెట్టె, పచ్చ దీపం. టెక్నీషియన్ వంగి వైరు పట్టుకుని చూశాడు. ఇంటి ఇంటర్నెట్‌తో నడిచేది. ఇది కాదు.

"దేనికి నాయనా?"

"ఏం లేదు పెద్దమ్మా. మీకేం కాకూడదని."

"చల్లగా ఉండు."

ఆరు కావస్తోంది. మళ్లీ డాబా ఎక్కి ఫోన్ చేశాడు.

"రోగుల ఇళ్లన్నీ చూశానండీ. ఎవరి దగ్గరా లేదు."

"అయితే ఎవడో పాత ఫోను సంచిలో వేసుకుని తిరుగుతున్నాడు. ఆపెయ్."

ఆపేశాడు.

"పోయాడు" అన్నాడు ఆఫీసరు. "స్వామివారు సమాధి అయ్యారు. ఇంటికి పో."

లిఫ్టులో దిగుతుంటే ఏడో అంతస్తులో ఆగింది. పెద్దమ్మ ఎక్కింది. ఒక చెయ్యి గుండె మీద ఉంది. ముఖమంతా చెమట.

"నొప్పిగా ఉంది నాయనా. వాచ్‌మన్ ఆటో కోసం రోడ్డు మీదికెళ్లాడు. ఆస్పత్రికి పోవాలి."

అతను ఆమె భుజం పట్టుకున్నాడు. రెండంతస్తులు దిగారో లేదో, లిఫ్టు పెద్దగా కుదిపి ఆగింది. లైటు ఆరింది. తలుపు బాదాడు. అరిచాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

పెద్దమ్మ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారింది.

"కంగారు పడకు నాయనా. ఆ ఎర్ర బటన్ నొక్కు. లిఫ్టు నెత్తిన సిమ్ము వేసిన ఫోనొకటి పెట్టారు. అదే కాల్ చేస్తుంది లిఫ్టు కంపెనీకి. కిందటేడు నేనిట్లాగే ఇరుక్కుంటే పరిగెత్తుకొచ్చారు."

నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

మౌనస్వామి దొరికాడు.