మూడు గాట్లు

కొత్త బ్రేక్ షూల పెట్టె బల్లమీద పెట్టగానే, కారు తెచ్చిన దొర్నిపాడు రైతు, "బిగించేముందు ఒకసారి విప్పి చూడప్పా. పిల్లోల్లు తిరిగే కారు" అన్నాడు.

నాకు రోషమొచ్చింది. "ఇది నంద్యాల్లో ఓబులేసన్న అంగట్లోది. నాకు పని నేర్పిచ్చిన మేస్త్రి. ఆయప్ప పంపిన సామాను నేను చూసేది లేదు, బిగించేదే."

రైతు అక్కణ్ణుంచి కదల్లేదు. సరే, ఈయన నోరు మూయిద్దామని సీలు విప్పి, ఇనుప రేకు మీది నల్లరంగును గోరుతో గీకాను. కొత్త సామానును అలా గీకి చూడాలని నేర్పింది కూడా ఓబులేసన్నే.

రంగు పెచ్చులుగా లేచింది. కింద ఉలితో కొట్టిన మూడు గాట్లు బయటపడ్డాయి.

అవి నేను కొట్టినవే. అరిగిపోయిందని తీసేసిన ప్రతి షూ మీదా మూడు గాట్లు పెట్టి ఆయనకే పంపుతాను. "బయట పారేస్తే ఎవడో ఒకడు చవక పట్టీ అతికిచ్చి, రంగేసి మళ్ళా అమ్ముతాడు. నాకు పంపురా, కరిగిపిస్తా" అన్నది ఆయనే. ఆళ్లగడ్డలో షెడ్డు తెరిచినప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా పంపుతూనే ఉన్నాను.

ఫోన్ చేశాను. "అన్నా, కొత్త షూల మీద నా గాట్లుండాయి."

పెట్టె మారిపోయిందని అంటాడేమోనని ఆశగా ఎదురుచూశాను.

"ఎనిమిదేండ్లుగా చూడలేదు గదా అమానుల్లా," అన్నాడు. "ఈ పొద్దు ఏంటికి చూసినావురా?"