దిగని ప్రయాణం

మాస్కు మీద మాస్కు తగిలించుకుంటున్న మొగుణ్ణి ఆమె గుమ్మంలోనే నిలదీసింది.

"పెట్టె లేకుండా ఎక్కడికి?"

"విమానంలో వెళ్లి, దిగకుండా అందులోనే తిరిగొచ్చేస్తా. ఈ నెలలో ఇంకోసారి ఎక్కకపోతే, తరచూ ఎక్కుతానని విమానం కంపెనీ వాళ్లిచ్చిన గోల్డు కార్డు పోతుంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "కిందటి నెల మా అన్నయ్య చనిపోతే, విమానంలో రోగం అంటుకుంటుందన్నారు. కాళ్లావేళ్లా పడ్డా నన్ను గడప దాటనివ్వలేదు. కార్డు కోసమైతే అంటుకోదా?"

"ఇప్పుడన్నీ ఖాళీగానే తిరుగుతున్నాయిలే."

"ఇంతకీ ఏ ఊరికి?"

అతను ఫోను జేబులో పెట్టుకోబోయాడు. ఆమె ఫోను లాక్కుని టికెట్టు చూసింది.

అన్నయ్య వాళ్ల ఊరే.

"అదైతే దూరం కదా, కార్డుకి పాయింట్లు ఎక్కువొస్తాయని..."

ఆమె చెప్పులేసుకుంది.

"నాకూ ఒకటి తియ్యండి, వెళ్లడానికి మాత్రమే. నేను అక్కడ దిగుతాను."