ఆరంగుళాలు తక్కువ

"దీన్ని కత్తిరించిందెవరు?"

అల్లావుద్దీన్ అరుపు వీధిలోకి వినబడింది. చేతిలో నల్ల వెల్వెట్ అంగీ. భుజాల మీంచి మడమల దాకా వేలాడాల్సిన అంగీ. టేపు పెట్టి చూశాడు. సరిగ్గా ఆరంగుళాలు తక్కువ. అంచు మళ్లీ మడిచి శుభ్రంగా కుట్టేసి కూడా ఉంది.

"నేనే," అంది భార్య అక్తరున్నీసా. గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలైనా ఎత్తలేదు.

అల్లావుద్దీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? సూళ్లూరుపేటలో ఆయన టైలరింగు మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. ఈ అంగీ కోసం పదిహేను రోజులు వేరే బట్ట ముట్టుకోలేదు. ఆ పాత ముసుగువీరుడి సినిమా కొత్త ప్రింటుతో మళ్లీ ఆడుతోంది. పదకొండు గంటలకి హీరో స్వయంగా థియేటరుకొస్తున్నాడు. స్టేజి మీద ఆయనకి ఈ అంగీ తొడిగేది అల్లావుద్దీనే. ఆటోలో మైకు కట్టి ఊరంతా చెప్పేశారు.

"ఎందుకు చేసినావీ పాడు పని?"

"కొలత తప్పు. సినిమాలో అది వేసుకున్నోళ్లు అంత పొడుగు లేరు."

"ఆయన ఆరడుగుల మనిషి. కొలతలు మేనేజరే పంపించినాడు. అయినా ఆ సినిమా గురించి నువ్వా నాకు చెప్పేది? ఇన్నేళ్లలో రమ్మంటే ఒక్కనాడైనా వచ్చినావా?"

"రాలేదు."

అంతే. ఆ తొణకనితనం చూస్తే ఆయనకి ఒళ్లు ఇంకా మండింది.

ఆ సినిమా ఆయనకి ఉత్త సినిమా కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దమనిషి చొక్కా ఇస్త్రీలో కాలిందని మేస్త్రీ చెంప పగలగొట్టాడు. ఆ సాయంత్రమే వాచిన చెంపతో బెంచీ టికెట్టు కొన్నాడు. తెర మీద జమీందారు కొరడా ఎత్తగానే ముసుగువీరుడు గుర్రమెక్కి వచ్చాడు. రెండు పడవల మీంచి ఒక్క దూకు దూకి ఆ కొరడా లాక్కున్నాడు. ముఖం కనబడలేదు. కనబడకపోవడమే మంచిదయింది. ముసుగులో ఉన్నది తనవాళ్లే, తనకోసమే వచ్చారు అనిపించి కుర్రాడు ఏడ్చేశాడు. ఇరవై మూడుసార్లు చూశాడు.

ఆ దూకే సీను తీసింది దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సులో ఎండిన ఇసుక మేటల మీద. గుర్రం అక్తరున్నీసా తండ్రిది, జట్కా గుర్రం. ఆ గుర్రమున్న ఇంటి సంబంధమని తెలిసి అల్లావుద్దీన్ ఎగిరి గంతేశాడు. అయినా పిల్లను చూడ్డానికి పోయినప్పుడు మొదట అడిగింది ఒకటే: మీ అమ్మాయి షూటింగు దగ్గరికి పోయిందా? పోయుంటే ఈ సంబంధం వద్దు. "గుర్రం పోయింది గానీ, పిల్ల గడప దాటలేదు బాబూ," అన్నాడు మామ.

"గుర్రం విషయంలో పగ కదా నీకు?" అన్నాడు అల్లావుద్దీన్. "షూటింగులో దానికి కాలు బెణికిందని మీ అబ్బాజాన్ చెప్తా ఉండేవాడు. దానికోసం ఈ రోజు నా పరువు తీస్తావా?"

"గుర్రం బాగానే దూకింది. దాన్నేమీ అనకండి."

అప్పుడే థియేటరు మేనేజరు పెంచలకృష్ణ బైకు దిగి లోపలికొచ్చాడు.

"భాయ్, హీరో కారు తడ ఊరు దాటిందంట. అంగీ రెడీనా? పొద్దున ఆయన ఇంటర్వ్యూ చూసినావా?" అంటూ ఫోను ముందుకి పట్టాడు. ఫోనులో హీరో నవ్వుతున్నాడు. "డూపు అనే మాటే నాకు తెలీదు. పడవల మీంచి దూకింది నేనే."

అక్తరున్నీసా చింతపండు చేట విసిరికొట్టింది. గింజలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"అబద్ధం. ఆయన గుర్రం దగ్గరికే రాలేదు. గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. ముసుగు తీసే సీనుకి మాత్రం లేచొచ్చినాడు."

పెంచలకృష్ణ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను బయట ఉంటా భాయ్," అని మెల్లగా జారుకున్నాడు.

"నువ్వెట్ట చూసినావు?" అన్నాడు అల్లావుద్దీన్. "గడప దాటలేదన్నాడే మీ అబ్బా."

"మీరడిగిన తీరుకి ఇంకేం చెప్తాడు?"

"అంటే పోయినావు."

"పోయినా. మూడు రోజులు."

మూడు రోజులు. దాచింది నలభై ఏళ్లు. అల్లావుద్దీన్ కోపం అంగీ మీంచి జారి ఇంకెక్కడికో పోయింది. ఆ గుర్రం ఆ ఇంటివాళ్లని తప్ప ఎవరినీ ఎక్కనీదు. అది ఆయనకి తెలుసు. ఆ ఇంట్లో మగపిల్లలు లేరు. అక్తరున్నీసాని ఇద్దామనుకుని మానేసిన ఆమె మేనత్త కొడుకు తాజుద్దీన్ మాత్రం రోజూ అక్కడే తిరిగేవాడు. వాడు పొట్టివాడు కూడా.

"తాజుద్దీనా?" అన్నాడు పళ్లు నూరుతూ. "నలభై ఏళ్లుగా నాతో కాపురం చేస్తా, వాడి పొడుగు అంగుళాలతో సహా మనసులో పెట్టుకున్నావా? అందుకేనా నాతో సినిమాకి రానిది?"

ఆమె లేచి నిలబడింది. కళ్లల్లో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

"ఇరవై మూడుసార్లు చూసినారు. ఒక్కసారైనా సరిగ్గా చూసినారా?"

"మాట మార్చొద్దు. వాడి పేరు చెప్పు, లేకుంటే ఈ గడప దిగు. ముసుగులో ఉన్నదెవడు?"

అక్తరున్నీసా ఆయన చేతిలోని అంగీ లాక్కుంది.

"ముసుగులో ఉన్నది నేను."