లోపలి కొమ్మల కాయలు

అడక్కుండానే హత్సుయె ట్రక్కులో చెయ్యిపెట్టి, ఓ కమలాపండు తీసి ఒలుచుకు తింటున్నాడు ముసలాయన.

సహకార సంఘం పరీక్ష గది కిటికీలోంచి అది చూసి హత్సుయెకి ఒళ్లు మండింది.

కానీ కదిలే పరిస్థితి కాదు. పరీక్ష చేసే ఉద్యోగి మోరికవ ఆమె తెచ్చిన పండ్ల రసంలోకి క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతున్నాడు. రసం గులాబీ రంగుకి తిరగడానికి ఎంత ఎక్కువ క్షారం పడితే అంత పులుపు ఉన్నట్టు.

పులుపు ఒక శాతం దాటితే సరుకంతా రసం ఫ్యాక్టరీకే. వాళ్లిచ్చేది కోత కూలికి కూడా చాలదు. భర్త పోయాక ఆ కొండవాలు మీద ఆమె ఒంటిచేత్తో తీసిన మొదటి పంట అది. ఇది పోతే తోటా పోతుంది.

రంగు ఎంతకీ తిరగలేదు.

తిరిగేసరికి ఒకటీ పాయింట్ రెండు.

"నేనేం చెయ్యలేనమ్మా," అన్నాడు మోరికవ.

హత్సుయె ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకుంది.

అంతలో ముసలాయన తొక్కలు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"బయట పండు తియ్యగా ఉందే. నువ్వు పిండింది ఎవరి తోటదయ్యా?"

"అడక్కుండా తిన్నది చాలదూ? మీకెందుకండీ ఇదంతా?" అంది హత్సుయె.

"పరీక్షకి ఏ కొమ్మవి తెచ్చావమ్మాయ్?"

ఆమె తల దించుకుంది. పిండి పారేసేవాటికి మంచివెందుకని, ఎండ తగలని లోపలి కొమ్మల కాయలే కోయించింది అత్తగారు. ఆ మాటే ఆయనతో చెప్పింది హత్సుయె.

"మా ఆవిడా అంతే. చుట్టాలొస్తే మచ్చలున్నవే ఏరి పెడుతుంది," అని నవ్వాడాయన.

మూసే వేళైందని మోరికవ నసిగాడు. ముసలాయన వింటేగా. ట్రక్కులో పెట్టెకొకటి చొప్పున ఏరుకొచ్చి బల్ల మీద పోశాడు.

"పిండవయ్యా. తొందరగా ఇంటికెళ్లి నువ్వు పొడిచేదేముంది?"

ఈసారి రంగు త్వరగానే తిరిగింది. సున్నా పాయింట్ ఎనిమిది.

హత్సుయెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. అలాగే నడుం వంచి చాలాసేపు దండం పెట్టింది.

తలెత్తేసరికి ఆయన లేడు. వాకిట్లోకి పరుగెత్తినా కనబడలేదు.

"ఏ ఊరి రైతండీ ఆయన?" వెనక్కొచ్చి అడిగింది.

"రైతా?" పెట్టెల మీద ముద్రలు వేస్తూ అన్నాడు మోరికవ. "పరీక్ష తప్పిన సరుకు కోసం పొద్దుట్నుంచీ కాచుక్కూచున్న రసం ఫ్యాక్టరీ లారీ డ్రైవరమ్మా. లోడుంటేనే కిరాయి, ఇవాళ ఆయనకి దొరకబోయిన లోడు నీదొక్కటే."