కాంటా మీద చుక్కమ్మ

ముల్లంగి ఆకులు సంచిలో వేసి, మైసయ్య కాంటాను తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు.

"ఇగ తాబేలును తీస్కరా అమ్మా" అన్నాడు.

కళావతి గబుక్కున తలుపు దగ్గరగా లాగింది.

"ఏ తాబేలు? మా ఇంట్ల తాబేలు గీబేలు ఏం లేదు."

"ముల్లంగి వద్దంటవు, ఆకు మాత్రం అడుగుతవు. మందారాకు దొరుకుతదా అంటవు. గది మనుషుల తిండి కాదు గదమ్మా!"

మైసయ్య కూరగాయల తోపుడు బండితో గౌలిపుర గల్లీలోకి రావడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. అప్పుడే ఇంటి గుట్టు పట్టేశాడు.

చుక్కల తాబేలును ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుందని కళావతికి తెలుసు. కానీ 2020 వరదల్లో అదే నీళ్లమీద తేలుతూ వచ్చి ఆమె గడప దగ్గర ఆగింది. పిల్లల్లేని ఇంటికి అదే పిల్లయింది. చుక్కమ్మ అని పేరు పెట్టుకుంది. పాపం దానికి తోడుంటుందని భర్త బాలకిషన్ నిన్ననే ఎక్కడినుంచో ఇంకోదాన్ని తెచ్చాడు. రేపు శుక్రవారం, పసుపు కుంకుమ పెట్టి రెండింటినీ ఒకే టబ్బులో వదలాలని కళావతి ముచ్చట.

ఇక దాచలేక ఆమె ఆ ముచ్చట చెప్పగానే మైసయ్య చేతులు అడ్డంగా ఊపాడు.

"అట్ల చెయ్యకమ్మా! కొత్తది ఏ రోగం మోసుకొచ్చిందో ఏమో. మూడు నెలలు ఏరుగ పెట్టు. కింద పేపర్లు పరిచి రోజూ దాని పెంట చూడు, పురుగులుంటే దారప్పోగుల లెక్క కనిపిస్తయి. దాన్ని ముట్టిన చేత్తోటి దీన్ని ముట్టకు."

ఉన్నవి రెండు గదులు. కొత్తది బాత్రూంలోకి చేరింది. దాని ముందు స్నానం చేయడానికి బాలకిషన్ నాలుగు రోజులు సిగ్గుపడ్డాడు.

ప్రతి సోమవారం మైసయ్య రెండింటినీ తూచేవాడు. మొదటిసారి చుక్కమ్మను కాంటా మీద పెట్టినప్పుడు పదమూడు వందల నలభై గ్రాములు చూపించింది. అతను దాని తల మీద వేలితో మెల్లగా రెండుసార్లు తట్టాడు. చుక్కమ్మ మెడ మొత్తం బయటికి చాచింది.

"నేను తప్ప ఎవ్వలు ముట్టినా తల తియ్యదు! నీకెట్ల తీసింది?"

"చేతికి కూరల వాసనుంటది గదమ్మా" అని మైసయ్య ముఖం తిప్పుకుని ఏదో పాత నోటుబుక్కులో రాసుకున్నాడు.

మూడో సోమవారం కొత్తదాని పెంటలో పురుగులు కనిపించాయి.

"బరువును బట్టే దవా ఇయ్యాలె. తెలిసిన డాక్టర్ను అడిగి తెస్త."

ఆ రోజు బాలకిషన్ ఇంట్లోనే ఉన్నాడు. బండి కదిలాక తలుపు గడియ పెట్టాడు.

"కూరలమ్మేటోనికి గివన్నీ ఎట్ల తెలుస్తయే? బుక్కుల ఏం రాస్తుండు?"

"బరువు."

"బరువు కాదు, మన పేర్లు రాస్తుండు. జంగ్లాత్ వాళ్ల మనిషే, ఫారెస్టోడు. మనం ఖతం!"

భయం అంటుకోవడానికి ఎంతసేపు! మర్నాటి నుంచి ఆ ఇంటి కిటికీ తెరుచుకోలేదు. గల్లీలో మైసయ్య కేక వినబడితే చాలు, కళావతి రెండు తాబేళ్లనూ మంచం కింది సందుగ పెట్టెలో పెట్టి, గాలి ఆడేలా మూతకు పుల్ల ఆనించేది. ఉన్నది ఒక్కటే సందుగ. తీసి పెట్టలేక, తర్వాత తర్వాత అక్కడే వదిలేసింది.

కళావతికి సొంత ఇల్లే జైలనిపించింది. తలుపు చప్పుడైతే ముందు సందుగ వైపు చూసేది.

"అమ్మా, ఉన్నవా? దవా తెచ్చిన" బయటినుంచి మైసయ్య.

కళావతి సందుగను గోడవారకు నెట్టింది.

"తలుపు తియ్యకపోతే మానె. రెండింటిని ఒక్కకాడ మాత్రం పెట్టకమ్మా!"

కళావతి చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికోసారి అతను మందు పొట్లం, నోటుబుక్కు పక్కింటి కృష్ణమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. బాలకిషన్ వాటిని విప్పనివ్వలేదు. "ముట్టకు, మనల్ని ఇరికిచ్చే ఎత్తు" అని అటక మీదికి విసిరేశాడు.

ఆ తర్వాత మైసయ్య కేక ఆ గల్లీలో వినబడలేదు. హమ్మయ్య అనుకున్నారు.

ఇరవై రోజులకు చుక్కమ్మ తిండి మానేసింది. కళ్లు తెరవలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కేసు, తీసుకెళ్లకపోతే ప్రాణం. ఆలుమగలు మూడు రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం గల్లీ నిద్రపోతుండగా పూల తొట్టిలో దాన్ని పాతిపెట్టారు. గట్టిగా ఏడవడానికి కూడా కళావతికి ధైర్యం చాలలేదు.

ఇంకోదీ తోటకూర ముట్టడం లేదు. మందు ఎంత వేయాలో బుక్కులో ఉంటుందేమోనని ఆమె అటకెక్కింది.

ఎప్పుడో తడిసి ఎండిన నోటుబుక్కు. మొదటి పేజీలో ఎక్కడా వాళ్ల పేర్లు లేవు.

'2010. రాణి. 58 గ్రాములు. ఎనక డొప్ప చివర చిట్లింది.'

చుక్కమ్మ డొప్ప కూడా అక్కడే చిట్లి ఉండేది. కళావతి గబగబా పేజీలు తిప్పింది. పేజీ పేజీకీ బరువు పెరుగుతూ పోయింది.

'2020 అక్టోబర్. ఇంట్లకు వరద నీళ్లు. రాణి కొట్కపోయింది. గల్లీ గల్లీ ఎతికిన.'

తర్వాతివన్నీ ఖాళీ పేజీలు. చివర్లో మళ్లీ అదే చేతిరాత.

'గౌలిపుర, నీలం తలుపు ఇల్లు. రాణి, 1340 గ్రాములు. ఆ తల్లి పానంలెక్క సాదుకుంటుంది, వాపస్ అడగొద్దు.'