మేనేజరుగారి క్యారేజీ

“రేపు ఆ సేటు వచ్చీరాగానే నిన్ను పన్లోంచి పీకేస్తాడేమోరా!”

క్యారేజీ బల్ల మీద పెడుతూనే అంది తాయారమ్మ.

సూర్యారావు తల పట్టుకున్నాడు. “అమ్మా, ఆయన ఇంకా రానేలేదు.”

“రాకముందే భయపడాల. వచ్చాక భయపడి ఏటి లాభం?”

రాయ్‌పూర్ స్టేషన్ రోడ్డులో సూర్యారావు పనిచేసే హోటలంత గొప్పది ఇంకోటి లేదు. బల్లల మీద తెల్లగుడ్డలు, బేరర్ల తలల మీద కుచ్చు తలపాగాలు. తెల్లదొరలు ఓడెక్కి వెళ్ళిపోయినా ఆ తలపాగాలు మాత్రం దిగలేదు.

పాత యజమాని ఈమధ్యే హోటలు అమ్మేశాడు. కొన్నది ఎవరో నాగపూర్ సేటని తెలుసుగానీ, మనిషెలా ఉంటాడో, ఏ భాషవాడో ఇక్కడ ఎవరూ ఎరగరు. ఎన్నాళ్ళో ఖాళీగా తిరిగి తిరిగి సూర్యారావు సంపాదించుకున్న మేనేజరు ఉద్యోగం ఇప్పుడు ఆ ఎరగని మనిషి చేతిలో ఉంది.

“రేపటికి పూలదండ చెప్పొస్తాను. నువ్విక్కడే కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు,” అని సూర్యారావు బజారుకు వెళ్ళాడు.

తాయారమ్మ కూర్చుంది. మాట్లాడకుండానే కూర్చుంది, కాసేపు.

పక్క బల్ల దగ్గర ఒకాయన ఒంటరిగా ఉన్నాడు. ముతక చొక్కా, దుమ్ము కొట్టుకున్న చెప్పులు. మంచినీళ్ళ కోసం బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తి పట్టుకున్నాడు.

బేరరు తాతయ్య ఆ చేతి కిందనుంచే వంగి, పొగలు కక్కే పులావు పట్టుకుని బూట్లేసుకున్న పెద్దమనుషుల బల్లకేసి పరిగెత్తాడు.

చాలాసేపటికి ఆయన ముందుకు కూర వచ్చింది. ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

“భయ్యా, ఇస్ మే నమక్ నహీ హై.”

తాతయ్య గిన్నె తీసుకెళ్ళి ఇంకో గిన్నె తెచ్చాడు. మొదటి గిన్నెలో ఉప్పు లేదు. ఈ గిన్నెలో రెండు గిన్నెల ఉప్పు ఉంది.

“ఓర్నాయనో!” అన్నాడాయన, నాలుక బయటపెట్టి. వెంటనే తాతయ్యతో, “మేనేజర్ కో బులావ్!” అన్నాడు.

మేనేజర్ని పిలవమనగానే తాయారమ్మ లేచి నిలబడింది. కానీ అంతకుముందు విన్న ‘ఓర్నాయనో’ గుర్తొచ్చి సగం భయం పోయింది. రాయ్‌పూర్లో తెలుగు ముక్క చెవిన పడితే తాయారమ్మలాంటి రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళకు ఇంకేం అక్కర్లేదు. ఊరూ పేరూ తర్వాత. ముందు చుట్టం.

“మనోళ్ళేనా బాబూ! ఏ ఊరు?”

ఆయన నోరు తెరిచేలోగా క్యారేజీ ఆయన బల్ల మీదకు చేరింది. గిన్నెలు విడిపోయాయి. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు.

“మేనేజరు మా అబ్బాయే బాబూ. ఆడి తప్పేం లేదు. ముందు మీరు తినండి.”

ఆయన పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. ముఖం విప్పారింది.

“మరి తప్పెవరిదమ్మా?”

“వంటాడిది. బంగారయ్యది. పాపం, ఆడిదీ కాదు, ఆడి పెళ్ళాం పైడమ్మది. అది అలిగి ఆరంగ్‌లో అక్క ఇంటికి పోయిందనుకోండి, ఈడు బెంగతో ఉప్పు మర్చిపోతాడు. తిరిగొచ్చిందనుకోండి, సంబరంలో రెండుసార్లేస్తాడు.”

“ఇవాళ?”

“మీ మొదటి గిన్నెకీ రెండో గిన్నెకీ మజ్జిన పైడమ్మ బస్సు దిగింది.”

ఆయనకు పొలమారింది. తాయారమ్మ గబగబా నెత్తిన తట్టి మంచినీళ్ళిచ్చింది.

“మరి ఆ బేరర్లు?”

“ఆళ్ళు కాళ్ళకేసి చూస్తారు గాని ముఖాలు చూడరు. బూట్లుంటేనే నీళ్ళు.”

“మేనేజరు అదిలించడా?”

“మావాడా! ఆడిది మెత్తని మనసు బాబూ. బేరరు నిలబడి కునుకు తీస్తే, పళ్ళెం జారిపోతాదని ఈడెళ్ళి పట్టుకుంటాడు.”

“అబ్బాయి భోజనం ఇక్కడేనా?”

“శివశివా! ఇక్కడ తిని ఒళ్ళు పాడుచేసుకోమంటారేటి? రోజూ నేనే తెస్తాను. ఇదిగో, ఈ క్యారేజీ ఆడిదే.”

ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కలిపింది.

అప్పటికిగాని తాయారమ్మకు తానేం మాట్లాడిందో తెలిసిరాలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“బాబూ, ఇదంతా మనలో మాట. రేపు నాగపూర్ నుంచి కొత్త సేటు దిగుతున్నాడు. ఎలాటి మనిషో, ఏటో! ఆయన చెవిన పడిందా, నా కొడుకు మళ్ళీ రోడ్డున పడతాడు. చెప్పరు కదూ?”

ఆయన చారు గిన్నెకేసి చెయ్యి చూపించాడు.

చారు పోసింది. తాగాడు. పలకలేదు.

“మీకు గాని ఎరికా, ఆ సేటు?”

ఆయన ఇంకో వంకాయ ముక్క నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నాడు.

ఆ ఉప్పుకు మాట పడిపోలేదు కదా అని తాయారమ్మకు కొత్త భయం పట్టుకుంది. మాట పడిపోతే డాక్టరొస్తాడు. డాక్టరొస్తే పోలీసులొస్తారు. పోలీసులొస్తే ముందు మేనేజర్నే కదా పట్టుకుపోతారు!

బూట్ల పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయారు. తాతయ్య వాళ్ళ బల్ల తుడిచాడు, గోడకు చేరగిలబడి కళ్ళు మూశాడు. వంటింట్లో బంగారయ్య హుషారుగా కూనిరాగం తీస్తున్నాడు.

“ఏదో ఒకటి అనండి బాబూ,” అంది తాయారమ్మ, ఏడుపు గొంతుతో.

ఆయన వేళ్ళు నాకి, పళ్ళెం ముందుకు జరిపాడు.

“కాస్త పెరుగుంటే వెయ్యండమ్మా. సేటుకు మళ్ళీ నేను చెప్పేదేముంది, ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టి మరీ అంతా మీరే చెప్పేశారు.”